మఫ్లరు, మంకీ క్యాపు, మేజోళ్ళు: ఎవరికి ఏవి?

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చేసరికి ప్రతి ఇంట్లోనూ బీరువా పై అర నుంచి ఉన్ని బట్టల మూట కిందికి దిగుతుంది. తాతగారి మంకీ క్యాపుకు చిల్లులు పడి ఉంటాయి. పాపాయికి పోయిన ఏడు అల్లిన టోపీ ఈ ఏడు పట్టదు. మేజోళ్ళలో ఒకటి ఉంటే రెండోది కనిపించదు. సరే, బజారుకు వెళ్ళి కొత్తవి కొంటాం. స్వెట్టరు కొనేటప్పుడు నాలుగు దుకాణాలు తిరిగే మనమే మఫ్లరు, టోపీ, మేజోళ్ళు మాత్రం రంగు చూసి, ధర అడిగి సంచీలో వేసుకుంటాం. స్వెట్టరు ఉంటే చాలు, మిగతావన్నీ షోకు కోసం అనుకుంటాం. నిజానికి చలి ముందుగా పట్టుకునేది వేళ్ళనూ, చెవులనూ, ముక్కు కొననూ. పైగా ఈ చిన్న వస్తువుల్లో సరైనవి కొంటే మేలు ఎంతో, సరికానివి కొంటే కీడూ అంతే. అందుకే ఈ వారం వాటి గురించి చెప్పుకుందాం.

"మన దగ్గర చలేమిటి లెండి, ఇదేమన్నా కాశ్మీరమా?" అని కొందరు నవ్వుతారు. విశాఖ మన్యంలోని లంబసింగిలో కొన్ని రాత్రులు సున్నా డిగ్రీల దగ్గరకు దిగుతుంది. ఆదిలాబాదు సంగతి అందరికీ తెలిసిందే. హైదరాబాదులో కూడా డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 10 డిగ్రీల దాకా వచ్చే రోజులున్నాయి. మన ఇళ్ళన్నీ ఎండను తట్టుకోవడానికి కట్టుకున్నవి. పెద్ద కిటికీలు, చల్లని గచ్చు. అంచేత ఆ 10 డిగ్రీలు ఇంట్లోకి కూడా వస్తాయి. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తపోటు పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం చలి రోజుల్లో ఎక్కువగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

వేడి ఉన్నిలో లేదు

చాలామంది ఉన్నిలో ఏదో వేడి ఉందనుకుంటారు. ఉన్నిలో వేడి ఏమీ లేదు. వేడి మన ఒంటిదే. ఉన్ని చేసే పనల్లా పోగుల మధ్య కాస్త గాలిని కదలకుండా పట్టి ఉంచడం. ఆ నిలిచిన గాలే ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే ఏది కొనాలో, ఏది కొనకూడదో మీకే తెలిసిపోతుంది.

వెచ్చదనానికి శత్రువులు మూడు. మొదటిది తడి. చెమటతోనో, మంచుతోనో తడిసిన నూలు బట్ట గాలిని పట్టి ఉంచలేదు, ఒంటికి అంటుకుని వేడిని లాగేస్తుంది. ఉన్ని మాత్రం తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. రెండవది వీచే గాలి. 10 డిగ్రీల చలిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో స్కూటరు మీద వెళ్ళేవారి ముఖానికి అది 6 డిగ్రీల చలిలాగే తగులుతుంది. మూడవది బిగుతు. బిగుతైన తొడుగు లోపలి గాలిని బయటికి నెట్టేస్తుంది, రక్తం పారడానికీ అడ్డు పడుతుంది. రెండు జతల మేజోళ్ళు తొడిగి బూటులో కాలు దూర్చి, "అయినా చలే డాక్టరుగారూ" అనేవారి ఇబ్బంది ఇదే.

ఇంకొక మాట. ఒళ్ళు చల్లబడితే శరీరం ముందు గుండె, ఊపిరితిత్తుల వంటి ముఖ్యమైన భాగాలను కాపాడుకుంటుంది, చేతులకూ కాళ్ళకూ పంపే రక్తాన్ని తగ్గించేస్తుంది. కాబట్టి పలచని చొక్కా మీద ఎంత మందపాటి చేతి తొడుగులు వేసుకున్నా వేళ్ళు వెచ్చబడవు. ముందు ఛాతీకి, వీపుకు రక్షణ ఉండాలి. ఆ తరువాతే చేతులు, కాళ్ళు.

తలకు, చెవులకు

ఒంటి వేడిలో సగం తల నుంచే పోతుందని తరచు వింటుంటాం. పెద్దవారి విషయంలో ఇది నిజం కాదు. పెద్దవారి ఒంటి మీది చర్మమంతటిలో తల వాటా సుమారు పదో వంతు. పోయే వేడి కూడా ఆ లెక్కలోనే ఉంటుంది. కాని చెవులకు కొవ్వు లేదు, బట్టతల వారికి జుట్టు లేదు. అందుకని తలకు టోపీ పెట్టుకోవలసిందే, అయితే దానికోసం స్వెట్టరు మానేయకండి.

మంకీ క్యాపును పాశ్చాత్యులు బాలక్లావా అంటారు. 1854లో క్రిమియా యుద్ధం జరిగిన ఊరి పేరు అది. ఆ చలిలో సైనికులు వాడిన టోపీ మన రైలు ప్రయాణాల దాకా వచ్చింది. చెవులు, మెడ, గడ్డం అన్నీ ఒకే తొడుగులో ఇమిడిపోతాయి కాబట్టి పెద్దవారికి ఇంతకంటె సదుపాయమైనది లేదు. కొనేటప్పుడు రెండు చూడాలి. తల అటూ ఇటూ తిప్పితే టోపీ కూడా తిరగాలి, కళ్ళకు అడ్డం రాకూడదు. చెవుల మీద మరీ మందంగా ఉండకూడదు. రోడ్డు దాటే తాతగారికి హారను వినపడాలి కదా!

హెల్మెట్టు కింద మందపాటి మంకీ క్యాపు పెట్టకండి. హెల్మెట్టు తలకు సరిగ్గా కూర్చోక ప్రమాదంలో ఊడిపోవచ్చు. దానికోసం పలచగా, ఒంటికి అతుక్కునే టోపీలు దొరుకుతున్నాయి. హెల్మెట్టును దుకాణానికి వెంట తీసుకువెళ్ళి, రెండూ పెట్టి చూసి కొనండి.

పసిపిల్లల లెక్క వేరు. అప్పుడే పుట్టిన బిడ్డ చర్మంలో తల వాటా సుమారు ఐదో వంతు. అందుకే పుట్టిన తొలి రోజుల్లో, ముఖ్యంగా బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు, టోపీ ప్రాణరక్షణే. 1978లో కొలంబియా దేశంలోని బొగోటా నగరంలో మొదలైన కంగారూ పద్ధతిలో బిడ్డకు టోపీ, మేజోళ్ళు, లంగోటీ మాత్రమే తొడిగి, తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచుతారు. ఇప్పుడు మన ఆసుపత్రులలోనూ ఈ పద్ధతి ఉంది. తల్లి ఒంటిని మించిన కంబళి బిడ్డకు లేదు.

కాస్త ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఇంట్లో నిద్రపోయేటప్పుడు మాత్రం టోపీ తీసేయండి. అది ముఖం మీదికి జారవచ్చు, ఒళ్ళు మితిమీరి వేడెక్కవచ్చు. బిడ్డకు చలిగా ఉందో లేదో చేతులు పట్టుకుని నిర్ణయించకండి. పసివారి చేతులు చల్లగా ఉండడం మామూలే. మెడ వెనుక, ఛాతీ మీద చెయ్యి పెట్టి చూడండి. అక్కడ వెచ్చగా ఉంటే చాలు. చెమట పట్టి ఉంటే ఒక పొర తగ్గించండి.

మెడకు మఫ్లరు

మఫ్లరు వలన అసలు లాభం మెడకంటె ముక్కుకే ఎక్కువ. ఉబ్బసం ఉన్నవారికి చల్లని పొడి గాలి ఒక్కసారిగా లోపలికి పోతే శ్వాసనాళాలు ముడుచుకుంటాయి. గుండె జబ్బు ఉన్నవారికి చలిగాలిలో ఎదురు నడిస్తే ఛాతీ పట్టేసినట్టు కావచ్చు. ముక్కూ నోరూ కప్పేలా మఫ్లరును వదులుగా చుట్టుకుంటే పీల్చే గాలి కాస్త వెచ్చబడి, తేమ చేరి లోపలికి పోతుంది. అందుకు మెత్తని, ఊపిరి ఆడే అల్లిక కావాలి. గరుకుదైతే అయిదు నిమిషాల్లో కిందికి లాగేస్తారు. తెల్లవారుజామున షికారుకు వెళ్ళే హృద్రోగులు ఎండ వచ్చాక వెళ్ళడం ఇంకా మంచిది. ఛాతీలో నొప్పి వస్తే మాత్రం మఫ్లరు సర్దుకుంటూ కూర్చోకండి. వెంటనే వైద్యసహాయం పొందాలి.

ఇక కీడు సంగతి. ఇసడోరా డంకన్ అనే జగత్ప్రసిద్ధ నర్తకి 1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సులోని నీస్ నగరంలో కారెక్కింది. మెడకు చుట్టుకున్న పొడుగాటి పట్టు వస్త్రం చక్రంలో చిక్కుకుని అక్కడికక్కడే మరణించింది. ఇది ఎక్కడో ఎప్పుడో జరిగిన వింత కాదు. మన వీధుల్లో స్కూటరు వెనుక సీటు మీద చున్నీ కొస, చీర కొంగు, శాలువా అంచు రోజూ చక్రం పక్కనే ఎగురుతుంటాయి. ద్విచక్ర వాహనం మీద వెళ్ళేవారు మఫ్లరు పొట్టిదే కొనాలి, రెండు కొసలనూ కోటు లోపలికి దోపుకోవాలి. చిన్నపిల్లలకు మఫ్లరు అసలే వద్దు. జారుడుబల్ల దగ్గరో, గేటు కొక్కేనికో తగులుకుంటే మెడ బిగుసుకుంటుంది. పిల్లలకు తల మీదుగా తొడిగే మెడ పట్టీగాని, ఎత్తు కాలరు స్వెట్టరుగాని మేలు. టోపీకి పొడుగాటి తాళ్ళు ఉంటే కత్తిరించేయండి.

చేతులకు తొడుగులు

వేళ్ళన్నీ ఒకే సంచీలో ఉండే తొడుగు, వేళ్ళు విడివిడిగా ఉండే తొడుగుకంటె వెచ్చగా ఉంటుంది. వేళ్ళు ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయి కనుక. ముసలివారికి అది బాగుంటుంది. వాహనం నడిపేవారికి మాత్రం విడి వేళ్ళదే కావాలి, గాలి దూరనిది కావాలి. ఉన్ని అల్లిక తొడుగులోంచి గాలి దూసుకుపోతుంది. పైన తోలుగాని, గాలి చొరబడని గుడ్డగాని, లోపల మెత్తని అస్తరు ఉన్నది చూడండి. తొడుక్కుని పిడికిలి బిగించి, వేళ్ళు ఆడించి, బ్రేకు పట్టుకోగలరో లేదో చూసుకుని మరీ డబ్బు ఇవ్వండి.

చలిలో వేళ్ళు ముందు తెల్లగా పాలిపోయి, తరువాత నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడి మంట పుట్టే వ్యక్తులు కొందరుంటారు. ఇది ఆడవారిలో ఎక్కువ. వారు చన్నీళ్ళలో గిన్నెలు తోమేటప్పుడు నూలు తొడుగు మీద రబ్బరు తొడుగు వేసుకోవాలి. పొగ తాగేవారికి ఈ బాధ ఎక్కువవుతుంది. వేళ్ళ కొసలు పుండ్లు పడితే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.

పాపాయి చేతి తొడుగులు, మేజోళ్ళు కొనగానే తిరగేసి లోపలి వైపు చూడండి. వదులుగా వేలాడే దారం ఏదైనా ఉంటే కత్తిరించేయండి. అలాంటి దారం బిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోయి వేలికే ముప్పు వస్తుంది. బిడ్డ ఎత్తుకున్నా, పాలిచ్చినా ఏడుపు ఆపకపోతే ఒకసారి తొడుగులన్నీ తీసి వేళ్ళు చూడండి. వేలు వాచి ఎర్రగానో నల్లగానో ఉంటే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

కాళ్ళకు మేజోళ్ళు

మన ఇళ్ళలో నాపరాళ్ళు, పాలరాళ్ళు, నున్నని టైల్సు. వాటి మీద మేజోళ్ళతో నడవడమంటే నూనె మీద నడిచినట్టే. ముసలితనంలో తుంటి ఎముక విరిగితే మనిషి మంచం పడతాడు. అంచేత అమ్మమ్మగారికి, తాతగారికి అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళే కొనండి. ఇంట్లో చెప్పులు తొడుక్కునే అలవాటుంటే బొటనవేలు విడిగా ఉన్న మేజోళ్ళు తీసుకోవాలి. చెప్పు జారదు.

మధుమేహం ఉన్నవారు మేజోళ్ళను మందులంత శ్రద్ధగా ఎంచుకోవాలి. పైన బిగించే ఎలాస్టిక్ గట్టిగా ఉండకూడదు. సాయంత్రం విప్పితే పిక్క మీద లోతైన గీత పడి ఉందా, అది మీకు పనికిరాదు. లోపల కుట్లు వేళ్ళకు ఒరుసుకోకూడదు. తెలుపుగాని, లేత రంగుగాని ఎంచుకోండి. ఎందుకంటే స్పర్శ తగ్గిన కాలికి పుండు పడినా నొప్పి తెలియదు. లేత రంగు మేజోడు మీద మరక చూస్తేనే తెలుస్తుంది. అదే కారణం చేత కాళ్ళను మంట దగ్గర కాచుకోవడం, వేడినీళ్ళ సంచీ పెట్టుకోవడం వారికి నిషిద్ధం. కాలిన సంగతి కూడా వారికి తెలియదు. దీక్షలో ఉండి చెప్పులు విడిచిపెట్టిన మధుమేహ రోగులు ముందు వైద్యుని సలహా తీసుకోవాలి, రోజూ రాత్రి అరికాళ్ళు దీపం వెలుగులో చూసుకోవాలి.

ఎవరికైనా కనీసం మూడు జతలు ఉండాలి. నిన్నటి చెమట తడి ఉన్న మేజోడు వెచ్చదనమూ ఇవ్వదు, వేళ్ళ సందుల్లో పాచిపుండ్లు కూడా తెస్తుంది.

కొనేముందు, దాచేముందు

అసలు ఉన్ని ఏదో తెలుసుకోవడం సులువు. కుట్టు దగ్గర ఒక చిన్న పోగు తీసి, చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల ముట్టించండి. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడిపొడి అవుతుంది. కృత్రిమ నూలు అయితే కరిగి గట్టి పూసలా తయారవుతుంది. కృత్రిమ ఊలు పనికిరాదని కాదు. చవక, తేలిక, సులువుగా ఆరుతుంది. కాని నిప్పు దగ్గర కరిగి చర్మానికి అంటుకుపోతుంది. పొయ్యి దగ్గర పనిచేసే ఇల్లాలికి, దీపారాధన చేసే పెద్దవారికి అసలు ఉన్నిగాని, దళసరి నూలుగాని మంచిది. శాలువా కొంగు వేలాడకుండా దోపుకోవడం మరీ ముఖ్యం.

రంగు కూడా ఆరోగ్య విషయమే. తెల్లవారుజామున పొగమంచులో నల్ల శాలువా, నల్ల టోపీ పెట్టుకుని నడిచే మనిషి లారీ డ్రైవరుకు కనిపించడు. పసుపు, నారింజ, తెలుపు రంగులు దూరానికే కనిపిస్తాయి. ఇక అందం సంగతి. దాన్ని చిన్నచూపు చూడకండి. కాలేజీ అమ్మాయి తన చుడీదారుకు నప్పని టోపీ పెట్టుకోదు. రిటైరయిన మేష్టారు తనను ముసలివాణ్ణి చేసే మంకీ క్యాపును పెట్టెలోంచి తీయరు. బీరువాలో ఉన్న మఫ్లరు ఎవరి చలినీ ఆపలేదు. కాబట్టి వాడేవారిని వెంట తీసుకువెళ్ళి, వారికి నచ్చిన రంగే కొనండి.

ఉన్నిని గోరువెచ్చని నీళ్ళలో కుంకుడు రసంతో ఉతికి, పిండకుండా నీడలో పరిచి ఆరేయాలి. దాచేటప్పుడు చాలామంది కలరా ఉండలు వేస్తారు. వాటి ఆవిరి బట్టల్లోకి ఎక్కుతుంది. పుట్టుకతో జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు ఆ బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు చితికిపోయి, కామెర్లు ముదిరి ప్రాణం మీదికి రావచ్చు. ఆ లోపం బిడ్డకు ఉన్నదీ లేనిదీ చూడగానే తెలియదు. అంచేత పసివారి బట్టల్లో కలరా ఉండలు వేయనే వద్దు. ఉతికి, బాగా ఎండబెట్టి, గాలి దూరని సంచీలో దాచితే చాలు.

తరచు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: చెవుల్లో దూది పెట్టుకుంటే జలుబు రాదంటారు, నిజమేనా?

జవాబు: జలుబు వైరసు వలన వస్తుంది. అది ముక్కు ద్వారా, కళ్ళు నులుముకునే చేతుల ద్వారా వస్తుందిగాని చెవుల ద్వారా రాదు. చలిగాలికి చెవి పోటు పుట్టేవారు చెవుల మీదుగా టోపీ పెట్టుకుంటే చాలు. దూది లోపలికి జారి ఉండిపోవచ్చు.

ప్రశ్న: ఉన్ని తగిలితే మెడంతా దురద. నాకు ఎలర్జీ ఉన్నట్టేనా?

జవాబు: చాలా సందర్భాల్లో అది ఎలర్జీ కాదు. ముతక పోగుల కొసలు చర్మాన్ని గుచ్చడమే. కింద మెత్తని నూలు రుమాలు చుట్టుకోండి, లేదా సన్నని పోగు ఉన్ని కొనండి. దద్దుర్లు, పొక్కులు వస్తే చర్మ వైద్యునికి చూపించండి.

ప్రశ్న: చలికాలంలో కాళ్ళ పగుళ్ళకు ఏం చేయాలి?

జవాబు: రాత్రి పడుకునే ముందు కాళ్ళు గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, కొద్ది తడి ఉండగానే వాజలీను రాసి, వదులైన నూలు మేజోళ్ళు తొడుక్కోండి. మంచం దిగే ముందు వాటిని విప్పేయండి, లేకపోతే జారతారు.

ప్రశ్న: మా నాన్నగారు రాత్రి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వచ్చారు. పొద్దున మూతి ఒక పక్కకు పోయింది. చలిగాలి కొట్టిందని మఫ్లరు కట్టి, కాపడం పెడుతున్నాం. తగ్గుతుందా?

జవాబు: కాపడం ఆపి ముందు ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. మూతి వంకర పోవడానికి ముఖనాడి వాపు కారణం కావచ్చు, మెదడుకు రక్తం అందకపోవడమూ కావచ్చు. ఏది అన్నది ఇంట్లో తేల్చుకునేది కాదు. నాడి వాపు అయితే మొదటి మూడు రోజుల్లో మొదలుపెట్టిన మందులు బాగా పనిచేస్తాయి. చెయ్యి, కాలు బలహీనపడినా, మాట ముద్దగా వచ్చినా అది పక్షవాతం. మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. 108కు ఫోను చేసి బయలుదేరండి. ఎన్ని గంటలకు మొదలైందో చెప్పగలిగేవారు ఒకరు వెంట వెళ్ళండి.